సింధూర ఛాయ్ మానేసింది

శుక్రవారం పొద్దున ఆరింటికి సింధూర ఛాయ్ మానేసింది.

కారణం సోమవారం. ఆ రోజు ఎల్బీనగర్‌లోని ఒక బడిలో చిన్నికి నర్సరీ ఇంటర్వ్యూ. మూడేళ్ల చిన్నికి ఏ భయమూ లేదు. కానీ అసలు ప్రశ్నలు పిల్లలను కాదు, తల్లులను అడుగుతారని వాళ్లుండే కొత్తపేటంతా చెప్పుకుంటుంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు ఆగిపోయిన సింధూరకు ఆ బడి పేరు వింటేనే గుండె దడ, చేతుల్లో వణుకు. ముందు రోజు ఫోన్‌లో చూసిన వీడియోలో ఒక డాక్టరమ్మ, ఛాయ్‌లో, కాఫీలో ఉండే కెఫీన్ మోతాదు మించితే గుండె దడదడలాడుతుందనీ, చేతులు వణుకుతాయనీ చెప్పింది. సింధూర వేళ్లమీద లెక్కేసుకుంది. రోజుకు ఏడు కప్పులు. ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉన్న దొంగ దొరికాడనుకుంది. వీడియో ఇంకా సగం ఉండగానే చిన్ని ఫోన్ లాక్కుని బొమ్మలు పెట్టుకుంది. వచ్చిన చిక్కంతా ఆ మిగిలిన సగంతోనే.

ఆ ఇంట్లో ఛాయ్ పెట్టేది అత్త కృష్ణమ్మ. అల్లం దంచి, మూడు పొంగులు రానిచ్చి, గిన్నె ముందు నుంచి కదలకుండా పెడుతుంది. ఆ ఛాయ్ వద్దనడమంటే ఆమె వడ్డించిన కంచం తోసెయ్యడమే. అందుకని సింధూర చిన్న అబద్ధమాడింది.

"వాసన పడ్తలేదత్తమ్మా. కడుపుల తిప్పినట్టయితుంది."

కృష్ణమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. నాలుగేళ్ల కింద, చిన్ని కడుపున పడ్డప్పుడు, ఇదే వంటింట్లో కోడలు ఇదే మాట అంది. మూడో నెల నిండేదాకా ఆ సంగతి నోటితో అనగూడదు, దిష్టి తగులుతుంది. ఆఖరికి కడుపుతో ఉన్న మనిషితో కూడా అనగూడదన్నది ఆమె సొంతంగా చేర్చుకున్న నియమం. "నువ్ కూసో బిడ్డా" అని కోడలి చేతిలో చీపురు తీసుకుంది.

మధ్యాహ్నానికి సింధూరకు సమ్మెటతో కొట్టినట్టు తలనొప్పి మొదలైంది. సాయంత్రానికి కూర్చున్న చోటే కునుకుపాట్లు, లేపితే చిరాకు. కృష్ణమ్మ ఒక్కో గుర్తునూ మనసులో ముడివేసుకుంది. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని పైవాటా విజయదుర్గకు చెప్పింది, అదే ఒట్టు మీద కొడుక్కీ, వియ్యపురాలికీ చెప్పింది. భీమవరం నుంచి వచ్చి పదేళ్లుగా పైన కిరాయికుంటున్న విజయదుర్గ ఒట్టు తప్పలేదు. మాగాయ సీసాతో కిందికి దిగింది, అంతే.

"తినాలనిపిస్తుందిలేమ్మా, మొహమాటపడకు" అంది.

ఇంటర్వ్యూకీ మాగాయకీ సంబంధమేమిటో సింధూరకు అంతుపట్టలేదు. ఆంధ్రావాళ్లు పరీక్షల ముందు తింటారేమోనని సరిపెట్టుకుంది.

శనివారం భర్త అభిలాష్ తీరు మారింది. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం నడిపే అతను మంచినీళ్ల క్యాన్ తానే పైకెత్తి పెట్టాడు, బట్టలు ఆరేశాడు. ఎందుకని అడిగితే, "నువ్వు పరేషాన్ కాకు. నేనున్న కదా" అన్నాడు. రోజుకు వందమందితో వాదించే మనిషే ఇంత జంకుతున్నాడంటే ఆ బడివాళ్లు ఎలాంటివాళ్లో అనుకుంది సింధూర.

ఆదివారం గడ్డిఅన్నారం నుంచి తల్లి అరుణమ్మ సంచినిండా దానిమ్మపండ్లతో వచ్చి, కూతురి బుగ్గలు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అంతా మంచిగనే అయితది. ధైర్నంగ ఉండు."

"కాకపోతే ఎట్లమ్మా?"

అరుణమ్మ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అట్ల అనొద్దు బిడ్డా. మీ అత్త కర్మన్‌ఘాట్ హనుమంతునికి మొక్కింది."

నర్సరీ సీటుకు హనుమంతుడిదాకా పోవాలా అని సింధూర కూడా ఏడ్చింది.

సోమవారం అందరూ ఆటో ఎక్కారు. గుంత వచ్చిన ప్రతిసారీ అభిలాష్ డ్రైవరును మెల్లగా పొమ్మన్నాడు. ఆ నడకకు సింధూరకు మిగిలిన సగం వీడియో చూసే వ్యవధి దొరికింది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానకూడదట. తలనొప్పి, మత్తు, చిరాకు వస్తాయట. కొద్దికొద్దిగా తగ్గించుకోవాలట. ఈ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయిందని డాక్టరమ్మను మనసులోనే కడిగేసింది.

ప్రిన్సిపాల్ ఉదయలక్ష్మి గది తలనొప్పి మందు వాసనతో నిండి ఉంది. అంతకుముందు లోపలికెళ్లిన తల్లి ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఉదయలక్ష్మి కణతలు నొక్కుకుంటూ ఫారం చూసి, "తల్లి చదువు దగ్గర గీత పెట్టారేంటి?" అంది.

కృష్ణమ్మ ముందుకు జరిగింది.

"దాన్ని బెదిరియ్యకున్రి మేడం, ఒట్టి మనిషి గాదు. వచ్చే పిల్లకు గూడ గీడనే సీటు రాసుకోన్రి."

"ఏ పిల్ల అత్తమ్మా?" అంది సింధూర.

మాగాయ, నీళ్ల క్యాన్, దానిమ్మపండ్లు సింధూర కళ్లముందు వరసగా వచ్చి నిలబడ్డాయి. "నేను ఛాయ్ మానేసిన. గంతే" అంది నీరసంగా.

కృష్ణమ్మ మొహం వాడిపోయింది. మనవడు పోయినందుకో, తన ఛాయ్‌ని కాదన్నందుకో తేలలేదు.

ఉదయలక్ష్మి మాత్రం తలెత్తింది. "మానేస్తే తల నొప్పెడుతుందా?"

సింధూర బల్లమీది వేడినీళ్ల గ్లాసు చూసింది, ఎర్రబడ్డ కళ్లు చూసింది. మూడు రోజులుగా అద్దంలో తాను చూస్తున్న మొహమే అది. భయం ఎటుపోయిందో పోయింది.

"మీరెప్పుడు మానేసిండ్రు మేడం?"

"గురువారం. కాఫీ. మా యోగా టీచరు మానెయ్యమంది."

సింధూర వీడియో రెండో సగమంతా ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. ఉదయలక్ష్మి పెన్ను తీసి ఫారం వెనక రాసుకుంది. తాను చెప్పేది ఇంకొకరు రాసుకోవడం సింధూర బతుకులో అదే మొదలు. తర్వాత ఉదయలక్ష్మి గంట కొట్టింది, ఆమెకు అరకప్పు కాఫీ, వీళ్లకు ఛాయ్ బిస్కెట్లు వచ్చాయి. నాలుగు గుటకలకు ఉదయలక్ష్మి మొహం తేటపడింది.

"పాపకు మాత్రం ఇప్పుడే అలవాటు చెయ్యకండి" అంది.

"మా ఇంట్ల పిల్లలకు ఇయ్యం మేడం" అంది కృష్ణమ్మ.

"నానమ్మా, బిస్కెట్ ముంచియ్యి" అంది చిన్ని.

కృష్ణమ్మ ఫ్యాను వైపు చూసింది. ఉదయలక్ష్మి నవ్వుతూనే ఫారం మీద సంతకం పెట్టింది.

రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి కృష్ణమ్మే కోడలికి ఏడు కప్పులను ఆరు చేసింది, ఆరును నాలుగు. సింధూర చేతులు వణకడం తగ్గింది. రెండు నెలల తర్వాత, చిన్నిని బడి బస్సెక్కించి వచ్చిన ఒక పొద్దున, అల్లం వాసనకు ఆమె కడుపులో నిజంగానే తిప్పింది. గోడ పట్టుకుని నిలబడి, ఈసారి ఉన్నదున్నట్టే చెప్పింది.

"అత్తమ్మా, ఛాయ్ వాసన పడ్తలేదు."

కృష్ణమ్మ గిన్నె మీంచి చూపు తిప్పలేదు. "ఈసారి ఏ బడిల ఇంటర్వ్యూ?" అంది.