మెదక్‌కు చేరిన ప్రపంచ బంగారం

"వినుండ్రి, వినుండ్రి! తహసీల్దార్ సాబు హుకుం ఏందంటే, దునియల ఉన్న అన్ని రాజ్యాల పాత బంగారు నాణ్యాలు మన మెదక్‌ల ఒక్కతాన జమైతున్నయ్. ఎవ్వరి తాన పాత నాణెమున్నా కచేరీల దాఖల్ జేసి చరిత్రల పేరు సంపాయించుకోవాలె! దాసిపెట్టినోళ్లు చరిత్రకు జవాబు చెప్పుకోవాలె! చరిత్ర దొరకనప్పుడు తహసీల్దార్ సాబుకు చెప్పుకోవాలె!"

బక్కయ్య ఈ దండోరా వేసింది నలభై ఎనిమిది ఎండాకాలంలో. తెల్లారితే ఏ ఊరు తగలబడ్డదని వినాల్సి వస్తుందోనని, ఉన్న కాస్త బంగారాన్ని జనం పొయ్యి కింద పాతుకుంటున్న రోజులవి. అలాంటి రోజుల్లో బంగారాన్ని బయటికి రప్పించాలన్న ఆలోచన మామూలు మనిషికి రాదు. తహసీల్దారు మదన్ మోహన్ గారు మామూలు మనిషి కారు. ఒక దిక్కు రజాకార్లు, ఒక దిక్కు ఎర్రజెండా సంఘపోళ్లు, సరిహద్దు అవతల భారత యూనియన్ పటాలాలు. తాలూకా మొత్తం ఈ మూడు దిక్కులూ చూసి బెదురుతుంటే, ఆయన చూపు మాత్రం రోమ్ దిక్కున ఉండేది.

ఇంతటి మహాకార్యానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలి కదా. మిషన్ బడి పంతులు గాబ్రియేలుకు కబురొచ్చింది.

గాబ్రియేలు భయస్తుడు. బడిలో పిల్లలు గట్టిగా లెక్కలు అప్పజెప్పినా ఉలిక్కిపడేవాడు. కచేరీకి పోయేసరికి తహసీల్దారు గారు మఖ్మల్ గుడ్డ పరిచిన బల్ల ముందు, బొంబాయి నుంచి తెప్పించుకున్న బొమ్మల పుస్తకం తెరుచుకుని కూర్చున్నారు.

"మాస్టర్ సాబ్, మీరు క్రైస్తవులు. రోమ్ మీ దిక్కుదే గద?"

"మాది వెస్లియన్ మిషన్, హుజూర్. రోమోళ్లు వేరే."

"వేరైనా చుట్టరికం ఉంటది గద! ఇగ నుంచి ఈ నాణ్యాల మీద రాతలు చదివి ఇంగ్లీషుల లేబుళ్లు రాసుడు మీ పని. జీతం లేదు. ఇజ్జత్ ఉంది."

ఆ గౌరవం వద్దనే ధైర్యం గాబ్రియేలుకు లేదు. బడి విడిచాక రోజూ కచేరీకి పోయి లేబుళ్లు రాయసాగాడు.

నాణేలు వచ్చిపడసాగాయి. హవేలిఘనపూర్ ఐలయ్యకు దుక్కి దున్నుతుంటే వరహా ఒకటి దొరికిందట. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అయినా కచేరీ జవాను ఇంటికొచ్చి, "చరిత్ర అడుగుతుంది, తియ్యి" అన్నాడు. ఐలయ్య తీశాడు. సిద్దమ్మ మెడలోని బంగారు పుత్తళ్ల పేరులోంచి ఒక పుత్తలి ఊడి వచ్చింది. దాని మీద నిలబడ్డ మనిషి, మోకరిల్లిన మనిషి ఉన్నారు. సిద్దమ్మ దాన్ని రాముడు, హనుమంతుడు అని ఇన్నేళ్లూ కళ్లకద్దుకుంది. తహసీల్దారు గారు పుస్తకం చూసి, "ఇది వెనిస్" అని తేల్చారు. సిద్దమ్మ వెనిస్‌కు కూడా ఒకసారి దండం పెట్టుకుని, ఒక పుత్తలి తగ్గిన పేరుతో ఇంటికి పోయింది.

అన్నింటికంటే పెద్ద నాణెం దామోదర్ సేటు తెచ్చాడు. అరచేతి వెడల్పుంది. మీద మీసాల రాజొకడు.

"రోమ్ చక్రవర్తి" అన్నాడు సేటు.

గాబ్రియేలు దాన్ని తిప్పి చూసి, తలెత్తలేక తలెత్తి, "హుజూర్, గిక్కడ అంచు మీద సన్నగ 'మేడ్ ఇన్ బర్మింగ్‌హామ్' అని ఉంది" అన్నాడు.

తహసీల్దారు గారు క్షణం ఆలోచించారు. ఆయన మొహం వెలిగిపోయింది. "చూసిండ్రా! రోమ్ రాజ్యం ఎంత దూరం పాకిందో!"

ఆ మాటే లేబుల్ మీదికి ఎక్కింది.

ఒకనాడు మదన్ మోహన్ గారు దిగాలుగా కూర్చుని ఉన్నారు. జార్జి రాజు బంగారు సవరన్లు ఉన్నాయిగానీ విక్టోరియా రాణిది ఒక్కటీ లేదట. ఆడదిక్కు లేని చరిత్ర ఏం చరిత్ర అని ఆయన బాధ. ఎదుటి మనిషి బాధ చూడలేని గుణం గాబ్రియేలుది. నోరు జారింది. "మా ఇంట్ల ఒకటుంది, హుజూర్."

ఆ మాట ఇంటికి మోసుకుపోవడం కచేరీలో నోరు జారినంత సుళువు కాలేదు. ఆ సవరను ఆయన భార్య నవోమి తల్లి సౌభాగ్యమ్మది. ఆమె మిషన్ దవాఖానాలో నర్సుగా ఉన్నప్పుడు దొరసాని డాక్టరు పోతూ పోతూ చేతిలో పెట్టినదాన్ని బిడ్డ పెండ్లినాడు ఇచ్చింది. కష్టకాలం వస్తే తప్ప తీయొద్దని మాట తీసుకుంది.

"అమ్మ కష్టకాలం అన్నది. దుష్మన్ బయటికెల్లి వస్తడనుకున్న" అంది నవోమి. "నీ నోట్లెకెల్లి వస్తదనుకోలే."

"నవోమీ, ఊకె తీసుకుంటలేరు. చరిత్రల పేరుంటదట."

"ఎవరి పేరు?"

తెల్లారి సవరను మఖ్మల్ మీదికి చేరింది. లేబుల్ మీద 'మదన్ మోహన్ కలెక్షన్' అని గాబ్రియేలే తన చేత్తో రాయాల్సి వచ్చింది. ఆ రోజు ఇంట్లో అన్నం పెట్టారుగానీ మాట్లాడేవాళ్లు లేరు.

కలెక్షన్ పేరు నలుదిక్కులా పాకింది. రజాకార్ల సర్దార్ ఒకడు చూడ్డానికొచ్చి, నడుమ ఉన్న నాణెం మీద వేలు పెట్టాడు. "ఇదెవడు?"

"జార్జి బాద్షా" అన్నారు తహసీల్దారు గారు.

సర్దార్ కళ్లు ఎర్రబడ్డాయి. అతను మెట్లు దిగేలోపే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం అష్రఫీ నడుమకు వచ్చి కూర్చుంది. జార్జి మూలకు పోయాడు. రెండు వారాలకు, పటాలాలు సరిహద్దు దాటబోతున్నాయన్న పుకారు పుట్టగానే దేవుడి బొమ్మ ఉన్న ఐలయ్య వరహా నడుమకు వచ్చింది. లేబుళ్లు మళ్లీ మళ్లీ రాసి గాబ్రియేలు వేళ్లు వాచాయి.

"చరిత్ర మారది, మాస్టర్ సాబ్. వరుస మారుతది. గంతే" అని మదన్ మోహన్ గారు ఓదార్చారు.

సెప్టెంబరులో పటాలాలు నిజంగానే దాటాయి. ఆకాశంలో విమానాలు తిరిగాయి. మిట్టమధ్యాహ్నం ఒక బండి మిషన్ కాంపౌండులో గాబ్రియేలు ఇంటి ముందు ఆగింది. బండిలోంచి తహసీల్దారు గారు, ఇద్దరు జవాన్లు, ఒక ఇనప పెట్టె దిగారు. పెట్టె తాళానికి లక్క సీలు.

"చర్చి మీద ఎవ్వడు బాంబులేయడు, మాస్టర్ సాబ్. ప్రపంచ చరిత్ర మీ చేతుల పెడుతున్న. సీలు పగిలితే నా మొకం చూడకుండ్రి. చూడనీకి మీరుండరు."

గాబ్రియేలు పెట్టెను కదిలించబోయాడు. కదల్లేదు. ఇంత బరువైన నమ్మకం ఆయన మీద ఎవరూ ఎన్నడూ పెట్టలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి భయానికో గర్వానికో ఆయనకే తెలియలేదు.

మర్నాడు పారిపోతున్న రజాకార్ల లారీ ఒకటి కాంపౌండులోకి దూరింది. తుపాకులతో నలుగురైదుగురు అరుగెక్కారు. నవోమి పెట్టె మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"పెట్టెల ఏముంది?"

గాబ్రియేలు స్తంభం చాటుకు జరిగాడు. నవోమి చేట దించకుండానే అంది: "దవాఖానా బట్టలన్నా. అమ్మ పోసినోళ్లయి. కాలవెట్టాలె. మీరు జర తీసి బయటేసి పోతరా? నాకు లేవొస్తలేదు."

మశూచి మాట వినగానే వాళ్లు మెట్లు కూడా తొక్కకుండా దూకారు. లారీ దుమ్ము సద్దుమణిగాక నవోమి చేట పక్కన పెట్టి గోడకు ఒరిగింది.

"నా సవరను కోసం కూసున్న" అంది. "నీ తహసీల్దార్ కోసం గాదు."

తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. నిజాం ప్రభువు లొంగిపోయారని రేడియోలో చెప్పారట. యూనియన్ మేజర్ ఒకాయన జీపులో మెదక్ వచ్చాడు. ఊరి పొలిమేరలో ఆయన మెడలో మొదటి దండ వేసింది మదన్ మోహన్ గారు. ఇన్నాళ్లూ పెట్టుకున్న రూమీ టోపీ ఎక్కడికి పోయిందోగానీ, నెత్తి మీద తెల్లటోపీ తళతళలాడుతోంది. కచేరీ కిటికీకి అదే రంగు పరదా ఒకటి తక్కువైంది.

"మేజర్ సాబ్, ఇన్నాళ్లూ ప్రాణాలొడ్డి జాతి సంపద కాపాడాను. ప్రపంచంలోని బంగారమంతా స్వతంత్ర భారతానికి సమర్పించుకుంటున్నాను" అని ఉర్దూలో కన్నీళ్లు పెట్టుకున్నారు.

మేజర్ వెంటనే వైర్‌లెస్‌లో పైవాళ్లకు చెప్పేశాడు: మెదక్‌లో అపార బంగారు నిధి స్వాధీనం.

బడి మైదానంలో సభ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. గాబ్రియేలు పెట్టె పక్కనే నిలబడ్డాడు, ఉతికిన కోటు తొడుక్కుని. మేజర్ స్వయంగా సీలు చూసి, చెక్కుచెదరలేదని మెచ్చుకుని, పగలగొట్టాడు. మూత లేచింది.

లోపల రాళ్లున్నాయి. మంజీర ఒడ్డున దొరికే నున్నటి గుండ్రాళ్లు. పైన గాబ్రియేలు రాసిన లేబుళ్లు పొందికగా పేర్చి ఉన్నాయి.

మేజర్ చేయి నడుముకున్న పిస్తోలు మీదికి, చూపు గాబ్రియేలు మీదికి పోయాయి.

"సీలు ఇప్పుడు నువ్వే పలగ్గొట్టినవ్ గద, దొరా!" ఆడవాళ్ల గుంపులోంచి నవోమి గొంతు వచ్చింది. "గంత దనుక అది మంచిగనే ఉండె!"

ఎవరో హిందీలోకి మార్చి చెప్పారు. మేజర్ చూపు గాబ్రియేలును వదిలి మెల్లగా తహసీల్దారు గారి మీదికి తిరిగింది. ఊరి చూపంతా దాని వెనకే తిరిగింది.

మహాపురుషులు ఇలాంటప్పుడే బయటపడతారు. మదన్ మోహన్ గారు ముందుకొచ్చి, ఒక రాయి తీసి, తెల్లటోపీతో తుడిచి, పైకెత్తి పట్టుకున్నారు.

"మేజర్ సాబ్! బంగారం ఎప్పుడు పుట్టింది? రాజులు పుట్టాక. రాజులు పుట్టకముందు మనుషులు ఏమిచ్చి ఏం తీసుకున్నారు? ఇదిగో, ఇవి! ప్రపంచంలోనే మొట్టమొదటి నాణేలు. చూడండి, వీటి మీద నిజాం లేడు, జార్జి లేడు, ఏ రాజూ లేడు. ఇవి ప్రజాస్వామ్య నాణేలు!"

మేజర్ రాయి వైపు చూశాడు. నిధి సంగతి ఢిల్లీ దాకా వెళ్లిపోయి ఉంటుంది. పట్టుకున్నదాన్ని పట్టుకోలేదని చెప్పడం ఏ సైన్యానికీ అలవాటు లేదు. ఆయన పిస్తోలు మీదినుంచి చేయి తీసి చప్పట్లు కొట్టాడు. పక్కన తుపాకులుండటం వల్ల ఊరు కూడా కొట్టింది.

నవోమి చప్పట్లు కొట్టలేదు. జనాన్ని తోసుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చింది.

"దొరా, అండ్ల నా సవరను ఏది?"

తహసీల్దారు గారు తడబడలేదు. పెట్టెలో వెతికి, అందమైన తెల్లరాయి ఒకటి ఏరి, రెండు చేతులతో అందించారు. "ఇదమ్మా. విక్టోరియా."

ఆ తర్వాత వరుస ఆగలేదు. ఐలయ్యకొకటి, సిద్దమ్మకొకటి. చూస్తుండగానే పెట్టె ఖాళీ అయింది. ప్రజల ఆస్తి ప్రజలకు తిరిగి చేరిన మొదటి తాలూకా మెదక్ అని మేజర్ జైహింద్ కొట్టాడు. గొడవ పెట్టుకున్నవాడు దామోదర్ సేటు ఒక్కడే. తానిచ్చిన చక్రవర్తి ఇంతకంటే బరువుండెనని, తక్కువ తూకం రాయి అంటగడితే ఊరుకోనని, పొద్దుగూకేదాకా కచేరీ మెట్ల మీద కూర్చున్నాడు. ఆయనకు ఇంకో చిన్న రాయి కలిపి ఇచ్చి పంపారు.

నవోమి తెల్లరాయిని ఇంటికి తెచ్చి దొడ్డు ఉప్పు నూరుకోవడానికి పెట్టుకుంది. మంచిగనే నూరుతుంది అని పక్కింటి మార్తమ్మతో చెప్పింది. గాబ్రియేలుతో మాత్రం ఇంకా పొడిపొడిగానే మాట్లాడేది.

చలికాలం రాకముందే మదన్ మోహన్ గారికి ప్రమోషన్ మీద పట్నం బదిలీ అయింది. చరిత్ర తెలిసిన అధికారులు కొత్త ప్రభుత్వానికి మరీ అవసరమట. సామాన్లు బండికెక్కించే రోజు చేయి సాయానికని గాబ్రియేలును కూడా పిలిచారు. పోకుండా ఉండే ధైర్యం ఆయనకింకా రాలేదు.

మంచాలు ఎక్కాయి, నీళ్లు కాచే ఇత్తడి అండాలు ఎక్కాయి. చివర్న బంగళా లోపలి గదిలోంచి ఒక చిన్న ట్రంకు పెట్టె వచ్చింది. గాబ్రియేలు ఒక్క చేత్తో ఎత్తబోతే అది నేలను వదల్లేదు. రెండు చేతులూ వేశాడు. నడుం కలుక్కుమంది.

తహసీల్దారు గారు పరుగున వచ్చి భుజం పట్టుకున్నారు.

"జర పైలం, మాస్టర్ సాబ్! అండ్ల రాళ్లున్నయ్."