సంతానదినపు సెలవు

ఆఫీసు అనుమతి లేకుండా మనుషులు ఇన్నాళ్ళూ పిల్లల్ని ఎలా కన్నారో ఎవరికీ అంతుపట్టదు. ఆ లోటు చివరికి ఓ బస్సు డిపోలో తీరింది.

ఆ డిపోలో దూరపు బస్సు నడిపే డ్రైవరుకి పెళ్ళయి చాలాకాలమైనా పిల్లల్లేరు. ఇంట్లో ఉన్న రోజు కుదరదు, కుదిరే రోజు ఇంట్లో ఉండడు. భార్య అక్క నర్సు. ముందు ఒంటి గుర్తులు కనిపెట్టుకోమని చెల్లెలికి నేర్పింది. కోడిగుడ్డు తెల్లసొనలా సాగే తడి కనిపిస్తే అవే మంచి రోజులు. థర్మామీటరులో పొద్దుటి వేడి పెరిగిందంటే అవి దాటిపోయినట్టే. భార్య ఇట్టే పట్టేసింది. పట్టనిదల్లా సెలవుల గుమాస్తాకే.

గుమాస్తా మంచివాడు. (చెడ్డవాడైతే ఏదో పుచ్చుకుని సెలవిచ్చేసేవాడు.) సెలవు దేనికని అడిగితే డ్రైవరు నేలచూపులు చూస్తూ చెప్పాడు. గుమాస్తా కూడా నేలే చూస్తూ, ఇందుకోసమే సంతానదినపు సెలవని కొత్తగా పెట్టారనీ, దానికి ఆధారం కావాలనీ అన్నాడు. తడీ గిడీ చెల్లదట. అంకె ఉండాలట. అంటే, థర్మామీటరు వేడి.

"వేడి పెరిగాక ఏం లాభమండీ? అప్పటికి బస్సెళ్ళిపోయినట్టే."

"మన బస్సులు టైముకి ఎప్పుడెళ్ళాయిలేవయ్యా," అన్నాడు గుమాస్తా.

ప్రతినెలా వేడి పెరిగింది. ప్రతినెలా సెలవు మంజూరైంది. మొగుడూ పెళ్ళాం టీ తాగి బీరువా సర్దుకున్నారు. సెలవులే తప్ప పిల్లలు లేకపోవడం చూసి, ఈ సెలవు కోసమే ఆఫీసు వేసిన సంతాన ఉపసంఘం కలవరపడి, తప్పు థర్మామీటరుదేనని తేల్చి, డిపోదే ఒకటి పంపింది. (అది ఇంజన్లకు పెట్టేది.) తోటి డ్రైవర్లు "ఏం బావా, ఈ నెలా బీరువాయేనా?" అని పలకరించసాగారు.

"నా వయసు ఆగట్లేదు," అంది భార్య ఓరోజు, బీరువా మూస్తూ. "మీ ఆఫీసుకేం, దానికి వయసు రాదు."

ఆ తర్వాతి నెల బస్సు సరిగ్గా వాళ్ళ వీధి చివర ఆగిపోయింది. ప్రయాణికుల్ని వెనకొచ్చిన బస్సెక్కించారు. కండక్టరు డిపోకి ఫోను చేస్తే, మెకానిక్ వచ్చేదాకా బండి కదపొద్దన్నారు. గుమ్మంలో బట్టలారేస్తున్న భార్య మొగుణ్ణి చూసి ఒకే మాట అంది.

"ఇవాళే."

బండి దగ్గర తానుంటానని కండక్టరు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పొద్దు వాలేవేళకి బస్సు దానంతటదే స్టార్టయింది.

భార్యకి నెల తప్పింది. సెలవు మంజూరు కాని నెలలో ఇది ఎలా జరిగిందని ఆఫీసు సంజాయిషీ అడిగింది. డ్రైవరు ఉన్నదున్నట్టు చెప్పాడు: బండి ఆగింది, మెకానిక్ వచ్చేదాకా ఇంట్లో ఉన్నాను.

నెలలు నిండాక అతను పురిటికి సెలవడిగాడు. గుమాస్తా రికార్డు తిరగేసి జాలిగా తలూపాడు.

"మెకానిక్ ఇంకా బయల్దేరలేదయ్యా. అంటే నువ్వింకా ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. ఇంట్లో ఉన్నవాడికి మళ్ళీ సెలవెలా ఇస్తాం?"

అని, బస్సుకి టైమవుతోందంటూ అతన్ని డ్యూటీకి పంపేశాడు.