గురువారం నాడు ముసల్దానికి వైద్యం

ఆ గురువారం పొద్దున పుస్తకాల బైండరు పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటిలోగా ముసల్దాన్ని బాగుచేయించాలి.

ముసల్దంటే ఆ ఇంట్లో కంప్యూటరు. కొని పద్నాలుగేళ్ళయింది. ఆ పేరు పెట్టింది అతని అత్తగారే. ఎనభై రెండేళ్ళ వయసులో, ఇంట్లో తనకన్నా ముసలిది ఒకటుందని చెప్పుకోవడం ఆవిడకు మహా సరదా. ఆవిడ ఒక వారపత్రికకు గళ్ళనుడికట్టు తయారుచేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. గళ్ళు కట్టే ప్రోగ్రాము ఆ పాత కంప్యూటరులో తప్ప మరెక్కడా పనిచేయదు. ఆ కంప్యూటరు సిస్టమ్ తయారుచేసిన కంపెనీ ఏమో రక్షణ అప్‌డేట్లు పంపడం ఎప్పుడో మానేసింది. అలాంటిదాన్ని ఇంటర్నెట్‌కు తగిలించడమంటే వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడమేనని మరమ్మతుల షాపావిడ బైండరును హెచ్చరించింది. తీసేద్దామా అంటే, గురువారం నాలుగింటికల్లా నుడికట్టు పత్రికకు వెళ్ళేది అందులోంచే.

షాపావిడ ఉపాయం చెప్పింది. ముందు ఇంటర్నెట్ తీగ పీకేయాలి. ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి తీసుకోవాలి. తర్వాత తాను వచ్చి పాత సిస్టమ్ తుడిచేసి, ఇప్పటికీ అప్‌డేట్లు వచ్చే తేలికపాటిది ఎక్కిస్తుంది. గళ్ళ ప్రోగ్రామును మాత్రం నెట్ సోకని అరలో విడిగా పెడుతుంది. ఇదంతా విని బైండరు పొంగిపోయాడు. చిరిగిన పుస్తకానికి కొత్త అట్ట వేసి మళ్ళీ చదివించడమే అతని వృత్తి. పాతదాన్ని పారేయమనని మనిషి దొరకడం అతనికి పండగ లాంటిది.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందేది వెనక వసారాలోనే. ముప్ఫై ఏళ్ళు కాగితాలు కోసే మిషను పక్కన నిలబడి మాట్లాడిన బైండరుకు మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. సరిగ్గా అదే సమయానికి మేడమీదావిడ దుప్పట్లు ఆరేస్తోంది. ఆవిడ రిటైరైన నర్సు.

"ముసల్ది ఇంకా లేవలేదండీ. రెండుసార్లు తట్టాను. మూలిగింది గానీ కళ్ళు తెరవలేదు," అని కింద నుంచి వినిపించింది.

నర్సు చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"మెమరీ బొత్తిగా లేదు. బయటితో సంబంధం తెంపేశాను, వైరస్ గానీ ఉంటే ఇంట్లో మిగతావాటికి అంటుకోకుండా. సరే, ముందు దాని దగ్గరున్నదంతా లాగేసుకుంటాను. తర్వాత మీరొచ్చి తుడిచేద్దురు గాని."

మిగతావాటికి అన్నది ఆవిడ చెవికి మిగతావాళ్ళకి అని చేరింది. రెండు మెట్లకొక అడుగు వేస్తూ ఆవిడ కిందికి దిగింది. పెద్దావిడ కనబడడం లేదేమని అడిగింది. లోపల గడియ పెట్టుకున్నారని, గురువారం ఎవరినీ చూడరని బైండరు చెప్పాడు. నుడికట్టులో నిలువు పదకొండు కుదిరేదాకా అత్తగారు తలుపు తీయని మాట నిజమే. మరి డాక్టరుకు చెప్పారా అని నర్సు అడిగింది. కంప్యూటరు బాగుచేసేవాళ్ళను అలా అనడం బైండరుకు ముచ్చటేసింది.

"వస్తున్నారండీ. ఆవిడ హస్తవాసి మంచిది. పదేళ్ళ వయసు తగ్గించేస్తానన్నారు."

నాటు వైద్యం అని నర్సుకు అర్థమైపోయింది. మేడెక్కి, బైండరు బావమరిదికి ఫోను చేసింది. అవసరానికి ఉంటుందని అతను ఎప్పుడో ఇచ్చిపోయిన నంబరు అది.

బావమరిది ఊరికి ఆ చివర ఒక పెద్ద ఆఫీసులో మేనేజరు. నర్సు చెప్పింది నమ్మబుద్ధి కాలేదు. బావకు ఫోను చేస్తే ఎంతసేపటికీ ఎంగేజి. అక్కకు చేశాడు. పాల పరీక్షల ల్యాబులో సీసాల మధ్య ఉన్న అక్క ఫోనెత్తింది. ముసల్దాన్ని తుడిచేస్తామని బావ అంటున్నాడట, నిజమేనా అని అతను అడిగాడు.

"నిజమేరా. పొద్దున నేనే ఒప్పుకున్నాను. ఇంకా ఎన్నాళ్ళని లాగుతాం?" అని ఆవిడ ఫోను పెట్టేసింది. అవతల సీసాలు వరసకట్టి ఉన్నాయి మరి.

బావమరిది ఆఫీసులోంచి బయటపడ్డాడు. అమ్మను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఒక చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుని టాక్సీ ఎక్కాడు. దారిలో కొత్త లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రుల్లో పడకల కోసం వెతికాడు. 'తక్షణం పడక ఖాయం' అని ఒక ప్రకటన ఎదురైంది. పేరడిగితే పేరు, మెయిలడిగితే మెయిలు, పాస్‌వర్డు అడిగితే అదీ ఇచ్చేశాడు. ఏదో ఫైలు లాప్‌టాప్‌లోకి దింపుకోమంటే దింపుకున్నాడు. మామూలు రోజున ఎదుటివాడు ఇలా చేస్తే గంటసేపు ఉపన్యాసం ఇచ్చే మనిషే.

ఒంటిగంటకు అతను ఇంట్లో అడుగుపెట్టేసరికి హాలు మధ్యలో బల్ల మీద ముసల్ది వెనకమూత ఊడదీసుకుని బోర్లా పడుకుని ఉంది. షాపావిడ చిన్న బ్రష్షుతో దుమ్ము దులుపుతోంది. బైండరు టార్చి పట్టుకుని ఉన్నాడు.

"అమ్మేది బావా?"

"లోపలున్నారు. కుర్చీ ఎవరికి?"

అతను వెళ్ళి అమ్మ గది తలుపు బాదాడు. వెనకాలే నర్సు బీపీ మిషనుతో సిద్ధంగా నిలబడింది. తలుపు తెరుచుకుంది. చెవి వెనక పెన్సిలుతో అత్తగారు బయటికొచ్చి, కొడుకును, నర్సును, చక్రాల కుర్చీని, టార్చిని వరసగా చూసింది.

"నిలువు పదకొండుకి అయిదక్షరాల మాట దొరక్క పొద్దుట్నుంచీ చస్తున్నాను. గందరగోళం. సరిపోయింది," అని అక్కడే నిలబడి రాసుకుంది.

అసలు సంగతి తేలడానికి పావుగంట పట్టింది. నర్సు ముందు నొచ్చుకుంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చినందుకు ఊరికే పోవడం ఎందుకని అందరికీ బీపీ చూసింది. అత్తగారిదే అందరికన్నా బాగుంది. అమ్మ క్షేమంగా ఉన్నందుకు బావమరిదికి కళ్ళు చెమ్మగిల్లాయి. అవి తుడుచుకోగానే కోపం వచ్చింది. ఈ డొక్కును తుక్కువాడికిచ్చి పారేయకుండా దానికి వైద్యమేమిటని బావను నిలదీశాడు. తన లాప్‌టాప్ తీసి చూపించాడు. రక్షణంటే ఇదీ అన్నాడు.

ఈలోగా షాపావిడ ముసల్దానికి మూత బిగించి, కొత్త సిస్టమ్ ఎక్కించేసరికి మూడు కావచ్చింది. అంతలో అతని ఫోను మోగింది. ఆ తర్వాత ఆగకుండా మోగింది. ఆఫీసులో పైఅధికారి మొదలు దూరపు పెదనాన్న దాకా, ఏం ఆపదలో ఉన్నావు నాయనా అని ఒకటే పరామర్శ. అతని మెయిలు నుంచి అందరికీ 'నేను ఆపదలో ఉన్నాను, ఇక్కడ నొక్కండి' అని ఉత్తరాలు వెళ్ళాయట.

షాపావిడ లాప్‌టాప్ తిప్పి చూసి నిట్టూర్చింది.

"పాస్‌వర్డు ఎవరో పట్టుకుపోయారండీ. ఇప్పుడే మార్చేయాలి. దీంట్లోంచి మాత్రం వద్దు, దీన్ని కడగాలి. శుభ్రమైన మిషన్లోంచి మార్చండి."

"అలాంటిదెక్కడుంది?"

ఆవిడ బ్రష్షుతో బల్లవైపు చూపించింది. అప్పటికే ముసల్ది కొత్త సిస్టమ్‌తో తెర వెలిగించుకుని, అప్‌డేట్లన్నీ పూర్తయ్యాయని చెబుతోంది.

ముసల్దాన్ని కాసేపు ఇమ్మని బావమరిది అమ్మను అడిగాడు. ముందు నిలువు పదకొండు గళ్ళలో ఎక్కాలంది ఆవిడ. అతను చక్రాల కుర్చీలో కూర్చుని వేచి ఉన్నాడు. మూడు నలభైకి నుడికట్టు పత్రికకు చేరిపోయింది. బైండరు తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. అప్పుడు అత్తగారు షాపావిడను దగ్గరికి పిలిచి, తన ఫైళ్ళు కనబడకుండా ఎవరినైనా కాసేపు కూర్చోబెట్టే వీలుందా అని రహస్యంగా అడిగింది. ఉందని షాపావిడ చెప్పింది.

కన్నకొడుకైనా సరే, ఆవిడ అతణ్ణి అతిథి ఖాతాలోనే కూర్చోబెట్టింది.