రిలీవర్ రానిదే టీవీ కుర్చీ వదలరాదు

ఉక్కు పట్టణం సిద్ధగోరా పేట మూడో వీధిలోని ఆదిబాబు ఇంటి ముందుగదిని ఒకటో తేదీ ఉదయం ఆరు గంటల నుంచి నిరంతరాయ విభాగంగా ప్రకటించడమైనది. ప్రకటన టీవీ పక్క గోడకు, క్యాలెండరు కింద, అన్నం మెతుకులతో అంటించి ఉంది. జారీ చేసినవారు ఆదిబాబు. ఆమోదించినవారు కూడా ఆదిబాబే. ఆ ఇంట్లో ఆయనకు పై అధికారి ఉన్నమాట నిజమే గాని, ఆవిడ ఆ సమయంలో వంటింట్లో ఉన్నందున సంతకానికి పిలవలేదు.

మూలకారణం ఆ పై అధికారే. ఆయన భార్య జగదాంబ ఒక్కటంటే ఒక్క తెలుగు ఛానెల్ కావాలంది. ముప్ఫై ఏళ్ళుగా కూరగాయల బండి దగ్గర హిందీ, పక్కింట్లో హిందీ, ఆఖరికి కన్నపిల్లలతో కూడా హిందీ విన్న మనిషి, రాత్రి ఏడున్నరకు ఒక అరగంట తెలుగులో ఏడవాలనుకుంది. సీరియల్‌లో అత్త కోడలిని ఇంట్లోంచి వెళ్ళగొట్టే ఘట్టం నడుస్తోంది. అందులో తప్పులేదు.

సోనారి పేట నుంచి స్కూటర్ మీద కేబుల్ సౌరభ్ వచ్చాడు. "తెలుగు అలగ్ సే నహీ మిల్తా ఆంటీ, ప్యాక్ మే ఆతా హై" అన్నాడు. తెలుగు విడిగా దొరకదట, మూటలోనే వస్తుందట. ప్యాక్ వచ్చింది. ఒక తెలుగు ఛానెల్ వెంట పన్నెండు స్పోర్ట్స్ ఛానెళ్ళు పెళ్ళివారిలా దిగాయి. నెలాఖరుకు బిల్లు చదివి ఆదిబాబు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. తెలుగు వాటా పందొమ్మిది రూపాయలు. ఆటల వాటా రెండు వందల నలభై.

"ఆ ఆటలు తీసీ బాబూ. మా ఇంట్లో ఆడేవోళ్ళు నేరు, సూసేవోళ్ళు నేరు" అన్నాడు ఆదిబాబు.

సౌరభ్ ఫోన్ మీద వేలితో నాలుగుసార్లు కొట్టి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా తలూపాడు. "సిస్టమ్ నహీ మాన్ రహా అంకల్. స్పోర్ట్స్ హటాయా తో తెలుగు భీ హట్ జాయేగా." ఆటలు తీస్తే తెలుగూ పోతుందట.

సిస్టమ్ ఒప్పుకోని పని మన దేశంలో ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఆదిబాబు కూడా చేయలేదు. మీరూ నేనూ అయితే కేబులువాణ్ణి తిట్టుకుని డబ్బు కట్టి ఊరుకుంటాం. ఆదిబాబు ముప్ఫై నాలుగేళ్ళు బ్లాస్ట్ ఫర్నెస్‌లో పనిచేసి, షిఫ్ట్ ఇన్‌చార్జిగా రిటైరైనవాడు. రాజేసిన కొలిమిని ఆర్పకూడదు, డబ్బు పోసి తెచ్చిన యంత్రాన్ని ఊరికే ఉంచకూడదు అన్న రెండు ముక్కలు తప్ప ఆయనకు వేరే వేదాంతం తెలియదు. డబ్బు కట్టిన ఆట చూడకుండా పోవడమంటే కరిగిన ఇనుము నేలపాలు కావడమే.

డ్యూటీ చార్టు తయారైంది. ఏ షిఫ్ట్, ఉదయం ఆరు నుంచి రెండు: ఆదిబాబు. బీ షిఫ్ట్, రెండు నుంచి పది: జగదాంబ. సీ షిఫ్ట్, పది నుంచి ఆరు: కొడుకు దీపక్. పన్నెండు ఛానెళ్ళు, ఒక్కోదానికి నలభై నిమిషాలు. సరిగ్గా ఎనిమిది గంటలు, నిమిషం తేడా లేదు. లెక్క అంత చక్కగా కుదిరేసరికి ఇది దేవుడు వేసిన చార్టేనని ఆదిబాబుకు నమ్మకం కలిగింది. షిఫ్ట్ మారేటప్పుడు సైరన్‌కు బదులు గరిటెతో స్టీలు పళ్ళెం మోగించాలి. హాజరు రిజిస్టరులో సంతకం పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఎర్ర సిరాతో రాశాడు: రిలీవర్ (తర్వాతి షిఫ్ట్ మనిషి) రానిదే కుర్చీ వదలరాదు.

విభాగం అద్భుతంగా పనిచేసింది. గోల్ఫ్‌లో బంతి ఎటుపోయిందో తెలియక అందరూ దాని వెనక నడిచి వెళ్ళడం ఆదిబాబు శ్రద్ధగా పర్యవేక్షించాడు. మంచు మీద రాయి జార్చి, దాని ముందు చీపుళ్ళతో తుడిచే ఆట జగదాంబ వంతుకు వచ్చింది. "మొగోళ్ళు తుడుత్తన్నారు. ఏ దేశమో గాని మంచి దేశం" అని ఆవిడ రిజిస్టరులో రిమార్కు రాయించింది. పొద్దంతా కాంట్రాక్టరు కింద వెల్డింగ్ చేసి వచ్చిన దీపక్ కార్ల పందెం నడుస్తుండగా డ్యూటీలో నిద్రపోయి మొదటి మెమో అందుకున్నాడు. నలభై నిమిషాలకు ఛానెల్ మారిపోతుంది కాబట్టి ఏ ఆటలో ఎవరు గెలిచారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని చార్టులో లేదు.

ఏడున్నర సీరియల్ బీ షిఫ్ట్‌లో పడింది. కాబట్టి ఏ ఛానెల్ కోసం ప్యాక్ తీసుకున్నారో అది తప్ప మిగిలినవన్నీ జగదాంబ చూస్తోంది. కోడలు వీధిలో పడిందో లేదో ఆవిడకు ఈనాటికీ తెలియదు.

ఇలాంటి సేవ ఎంతకాలం మరుగున ఉంటుంది? తెలుగు సంఘం వారు ఆదిబాబుకు శాలువా కప్పారు. కార్యదర్శి సీతారాం మైకు అందుకుని ఇలా సెలవిచ్చాడు: "సోదరులారా! దేశానికి పతకాలెందుకు రావడం లేదని అడుగుతారు. ఆడేవాళ్ళు లేకనా? కాదు! చూసేవాళ్ళు లేక! రోజుకు ఇరవై నాలుగు గంటలు ఆటలకే అంకితమైన కుటుంబం ఈ రాష్ట్రంలో మరొకటి ఉంటే చూపించండి!" ఎవరూ చూపించలేకపోయారు.

సభలో వెనక వరుసలో, కాళ్ళ దగ్గర విల్లు సంచి పెట్టుకుని, ఆదిబాబు కూతురు బిందుప్రియ కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంటికి ఐదు నిమిషాల నడకలో ఉన్న మైదానంలో ఆరేళ్ళుగా విలువిద్య నేర్చుకుంటోంది. పొద్దున్నా సాయంత్రం శిక్షణ ఉన్నందున, ఆటలకు సమయం ఇవ్వలేని మనిషిగా పరిగణించి, ఆదిబాబు ఆమెకు డ్యూటీ వెయ్యలేదు.

ఆ పిల్ల బాణాలకు ఈకలు ఊడిపోయాయి. కొత్తవి కావాలని అడిగితే ఆదిబాబు నొచ్చుకుంటూనే బిల్లు చూపించాడు.

"ఇంటి ఆటల పద్దు మొత్తం దీనికే అయిపోతంది అమ్మీ. నానేటి సెయ్యను?"

"పర్ పాపా, మై భీ తో స్పోర్ట్స్ హూఁ!" తానూ ఆటల పద్దులోదే కదా అంది పిల్ల.

"నువ్వు ప్యాక్‌లో నేవు తల్లీ" అన్నాడు ఆదిబాబు. అబద్ధం ఆడటం ఆయనకు రాదు.

పిల్ల ఊడిన ఈకలకు జిగురు పూసుకుని రాష్ట్ర పోటీల ఫైనల్‌కు చేరింది. పోటీలు ఆ మైదానంలోనే. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు. ప్రవేశం ఉచితం.

"పాపా, సిర్ఫ్ ఏక్ బార్ ఆ జాఇయే" అని, ఒక్కసారి వస్తే చాలని బతిమాలింది బిందుప్రియ తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూర్చుని. ఆదిబాబు తెర మీంచి కళ్ళు తిప్పి పిల్ల వంక చూశాడు. ఆరేళ్ళలో ఆయన కూతురు బాణం వెయ్యడం ఒక్కసారీ చూడలేదు. అప్పుడు కంపెనీ షిఫ్టులు, ఇప్పుడు ఈ షిఫ్టులు.

"రెండింటికి నా డ్యూటీ దిగిపోద్ది. మీ యమ్మ కుర్చీ ఎక్కిన యెంటనే వచ్చీత్తాను. ఒట్టు" అన్నాడు.

వంటింట్లోంచి జగదాంబ వచ్చింది. "పిల్ల అక్కడ బాణాలేత్తంటే, నాను ఇక్కడ కూకుని తెల్లోళ్ళు ఐసు తుడిత్తే సూడాలా? టీవీ కట్టీండి. ఇద్దరం ఎల్దాం."

"కట్టీడమా!" ఆదిబాబు అదిరిపడ్డాడు. ఫర్నెస్‌లో నీళ్ళు పొయ్యమన్నా అంత అదిరేవాడు కాదు.

ఇంతలో సౌరభ్ శుభవార్త తెచ్చాడు. ఫైనల్ టీవీలో వస్తుందట. అయితే ఈ పన్నెండింటిలో కాదు. వేరే ఛానెల్, వేరే ప్యాక్. దాంతో మరో నాలుగు ఉచితం, ఉచితానికి కొంచెం ఎక్కువ ఖర్చవుతుందంతే. కూతురు కోసం ఆదిబాబు క్షణం ఆలోచించలేదు. కట్టాడు. ఆ డబ్బుకు కొత్త బాణాలు వచ్చేవని లెక్కవేసే చెడ్డబుద్ధి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. జగదాంబకు ఉంది గాని ఆవిడ పైకి అనలేదు.

ఛానెళ్ళు పదిహేడయ్యాయి. కొత్త చార్టు ప్రకారం తలా ఇరవై ఎనిమిది నిమిషాలు. మిగిలిన నాలుగు నిమిషాలు సిబ్బంది కాలకృత్యాలకు కేటాయించడమైనది.

ఆదివారం రెండు గంటలకు ఆదిబాబు కొత్త చొక్కా వేసుకుని పళ్ళెం మోగించాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ మోగించాడు. లోపల దీపక్ గురక పెడుతున్నాడు. గుమ్మం దగ్గర జగదాంబ చెప్పులు లేవు.

ఎర్ర సిరా గోడ మీంచి ఆయన వంకే చూస్తోంది. ఆదిబాబు చొక్కా గుండీ విప్పుకుని డబుల్ డ్యూటీకి కూర్చున్నాడు.

రెండున్నరకు వీధి వీధంతా దిగింది. మన పిల్ల ఆటను సామూహికంగా వీక్షించాలని సంఘం తీర్మానించింది. ఝాల్‌మూడీ మరమరాల పొట్లాలతో ఇరవై ఇద్దరు ముందుగదిలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. మూడు గంటలకు చార్టు ప్రకారం కొత్త ఛానెల్ వంతు వచ్చి తెర మీద బిందుప్రియ కనిపించగానే చప్పట్లు మిన్నంటాయి. కెమెరా ఒకసారి గ్యాలరీ వైపు తిరిగింది. వెయ్యి మంది పట్టే గ్యాలరీ. పైమెట్టు మీద ఒకే ఒక్క ఆడమనిషి, కొంగులో వేరుశనగలు పోసుకుని, నోట్లో వేళ్ళుపెట్టి ఈల వేస్తోంది.

కామెంటేటర్ గొంతు బాధతో వణికింది. ఈ పట్టణ ప్రజలకు క్రీడల పట్ల ఆసక్తి బొత్తిగా లేకపోవడం విచారకరమన్నాడు.

"నిజమే. మనోళ్ళకి ఆటలంటే పట్టదు. ఎప్పుడు బాగుపడతామో ఏటో" అన్నాడు పక్కింటి అప్పలరాజు, పొట్లం దులుపుకుంటూ. ఇరవై ఇద్దరూ తలలూపారు. ఆదిబాబు రిజిస్టరు తెరిచి, తెరవంక చూసి రూఢి చేసుకుని, జగదాంబ పేరుకెదురుగా 'గైర్హాజరు' అని రాశాడు.

ఆఖరి బాణం మిగిలింది. బిందుప్రియ, పోటీలో ఉన్న మరో పిల్ల సమానంగా ఉన్నారు. బిందుప్రియ జిగురు పూసిన బాణం తీసి నారికి తగిలించింది. గోడ గడియారం ఇరవై ఎనిమిదో నిమిషం చూపించింది.

ఆదిబాబు బొటనవేలు రిమోట్ మీద ఆగింది. ఆ ఒక్క క్షణం ఆయన తండ్రి.

"ఒక్క నిమిషం ఆగు ఆదిబాబూ!" అని అరిచాడు అప్పలరాజు.

"ఒక్క నిమిషం ఇక్కడ ఆగితే పక్క ఛానెల్‌కి ఒక నిమిషం నట్టం. ఆ డబ్బులెవులిత్తారు? నువ్విత్తావా?" అన్నాడు ఆదిబాబు. బొటనవేలు నొక్కాడు.

తెర మీద తెల్లవాళ్ళు చీపుళ్ళతో మంచు తుడుస్తున్నారు. ఒకరిద్దరు గొణిగారు గాని, ఇచ్చే డబ్బుకు న్యాయం జరగాలని సీతారాం నచ్చజెప్పాడు. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

అప్పుడే బయట మైదానం మైకు గట్టిగా మోగింది. "ప్రథమ్ స్థాన్... సిద్ధగోరా కీ బేటీ... బిందు..."

"ఎవుల్రా అది, ఆ కిటికీ మూయండి!" అని కసిరాడు ఆదిబాబు. "ఆట ఇనపడతం నేదు."

కిటికీకి దగ్గరగా ఉన్నవాళ్ళు లేచి మూశారు.