రెండో కుర్చీ

జిల్లా ఆసుపత్రి మూడో అంతస్తులో మతిమరుపు జబ్బుకు అయస్కాంతంతో వైద్యం చేస్తారు, ముసలివాళ్లకు తిరిగి వచ్చే ప్రతి జ్ఞాపకానికీ బదులుగా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి తలలోంచి ఒకటి పోతుంది. ఇందులో రహస్యమేమీ లేదు. అయస్కాంతం దేన్నీ కొత్తగా పుట్టించదనీ, అటుది ఇటు లాగుతుందనీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. తోడుగా ఇంట్లోవాళ్లు ఎవరైనా కూర్చోవచ్చని కూడా దాని కిందే రాశారు. రెండో కుర్చీ చక్రాల్లో చీర చెంగు చిక్కుకోకుండా రేకు తొడుగు బిగించారు. ప్యాంటు వేసుకున్నవాళ్ల కోసం ఏ ఏర్పాటూ చెయ్యలేదు, అవసరం రాలేదు.

తెనాలి నుంచి రిటైర్డ్ సర్వేయర్ పానకాలరావును అక్కడికి తీసుకొచ్చారు. ఊళ్లో పొలాలన్నీ కొలిచిన ఆయన ఈమధ్య సొంతిల్లు మర్చిపోయి, పక్కింటి వంటింట్లో కూర్చుని కాఫీ అడుగుతున్నాడు. వెంట ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు హైమావతి వచ్చారు. తోడు ఎవరు కూర్చుంటారని డాక్టర్ కిరీటి అడిగాడు. బ్యాంకు పనంతా తన తలలోనే ఉందన్నాడు పెద్దకొడుకు శ్రీనాథ్. తనకసలే ఏదీ గుర్తుండదని చిన్నకొడుకు నవ్వాడు. తర్వాత ఇద్దరూ హైమావతి వైపు చూశారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మన ఇళ్లలో బలవంతం చెయ్యరు, చూస్తారు.

"నాకేం పోతాయండీ?" అని అడిగింది హైమావతి.

"రోజూ వాడేవి పోవమ్మా. వంట, మందుల టైములు, ఎవరికి ఏ కూర పడదో, అవన్నీ భద్రం. వాడకుండా మూలన పడున్నవే పోతాయి."

"ఇంకేం వదినా, ఇబ్బందే లేదు," అన్నాడు మరిది.

హైమావతికి మూలన పడున్నది ఒకటుంది. చదువుకునే రోజుల్లో చీరాలలో కబడ్డీ ఫైనల్ ఆడింది. చివరి కూతకు వెళ్తే ముగ్గురు అమ్మాయిలు కాళ్లు పట్టేశారు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి వేలికొసతో మధ్య గీత అందుకుంది. జనమంతా ఆమె పేరు పెట్టి అరిచారు. ఆ తర్వాత ఆ పేరుతో ఎవరూ అంత సంతోషంగా పిలవలేదు. ఇంట్లో ఎవరైనా మాట అన్నప్పుడల్లా అది తలుచుకుని పని చేసుకుంటుంది.

"డాక్టరుగారూ, నా ఆట ఒక్కటీ వదిలెయ్యండి," అని చెప్పుకుంది.

"అలా ఏరడం కుదరదమ్మా. రోజూ వాడండి, అదే నిలబడుద్ది."

హైమావతి వాడటం మొదలుపెట్టింది. వంటింటి మధ్యలో ముగ్గుతో గీత గీసి, ఊపిరి బిగబట్టి, కబడ్డీ కబడ్డీ అంటూ పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా వెళ్లి వచ్చేది. కూత నడుస్తున్నంతకాలం ఆట తలలో చెక్కుచెదరలేదు. వారం వారం జరిగే వైద్యంతో అటు పానకాలరావుకూ గుణం కనిపించింది. మొదట కొడుకుల పేర్లు వచ్చాయి. తర్వాత వాటాల్లో తమ్ముడు చేసిన మోసం వచ్చింది. ఆ తర్వాత కోడళ్ల గొంతు గడప దాటకూడదన్న సంగతి వచ్చింది.

"ఏందమ్మా ఆ కూత? కొంపలో మగాళ్లున్నారని తెలవదా?" అని గద్దించాడు.

శ్రీనాథ్ కళ్లలో ఆనందంతో నీళ్లు తిరిగాయి. "చూశావా, నాన్న మళ్లీ నాన్నయ్యాడు! నువ్వు ఆ అరుపులు మానెయ్. కావాలంటే మనసులో అనుకో."

మనసులో అనుకున్నవి వాడకం కిందికి రావు. అయస్కాంతానికి అవి తెలియవు, ఇంట్లోవాళ్లకు అసలే తెలియవు. ఇది చదివి ఎవరికైనా ఒళ్లు మండితే మండనివ్వండి, రాసేవాడికి ఎప్పుడో మండింది. హైమావతి గీత తుడిచేసింది. ఆ వారం ఆసుపత్రి నుంచి బస్సులో తిరిగొస్తుంటే, శ్రీనాథ్ ఊరికే తెలుసుకుందామని చీరాల ఆట గుర్తుందా అని అడిగాడు.

"ఎవరు ఆడారండీ?" అంది ఆమె.

"ఎవరోలే," అని అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

సాంబారులో ఉప్పు సరిగ్గానే పడుతోంది, మాత్రలు వేళకు అందుతున్నాయి. అందువల్ల ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. వైద్యం పూర్తిగా ఫలించిందనీ, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదనీ ఆసుపత్రి ప్రకటించింది.

ఎండాకాలానికి అత్తగారు కూడా మర్చిపోవడం మొదలుపెట్టింది. కుటుంబమంతా మళ్లీ మూడో అంతస్తు ఎక్కింది. భార్య తలలో ఇంకేమైనా మిగిలిందా అని శ్రీనాథ్ బెంగగా అడిగాడు. డాక్టర్ యంత్రం పెట్టి చూశాడు.

"బోలెడుంది. వాళ్లమ్మ ముఖం ఉంది, ఈవిడ పేరుంది. రెండూ ఎవరూ వాడట్లేదు."

తోడు ఎవరు కూర్చుంటారని అడిగేలోపే హైమావతి వెళ్లి, చెంగు ఒళ్లోకి సర్దుకుని, రెండో కుర్చీలో కూర్చుంది. అడక్కుండానే చెయ్యడం రోజూ వాడేది కాబట్టి మర్చిపోలేదు.