సోఫాల కొట్లో నిలబడ్డ మనిషి

ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా ఎక్కడా కూర్చోకూడదు. మరో ఉద్యోగం చేసే మనిషికి ఇదొక పథకమే కాదు. కానీ ఆయన పనిచేసేది సోఫాల కొట్లో. పైగా కూర్చోవడమే ఆయన పని.

కొనేవాళ్లు గుమ్మంలోకి రాగానే ఆయన ఒక సోఫాలో వెనక్కి వాలి, కళ్లు అరమోడ్చి, “హా...” అని ఒక్క నిట్టూర్పు విడిచేవాడు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ఆ నిట్టూర్పు విని కొనుక్కుపోయేవారు. ముక్కాలిపీట మీద కూర్చున్నా మహారాజులా ఉంటాడని కొట్లో అందరూ ఆయన్ని సింహాసనం అని పిలిచేవారు. అలాంటి సింహాసనానికి సరిగ్గా కూర్చునే చోటే చీలిక వచ్చింది. డాక్టరు దాన్ని ఫిషర్ అన్నాడు. “గోరంత కూడా ఉండదండీ” అని ధైర్యం చెప్పాడు. గోరంత చీలిక కొండంత మనిషిని ఎలా గంతులేయించగలదో డాక్టరుకి తెలియదనుకోవాలి, లేదా బాగా తెలిసే నవ్వాడనుకోవాలి.

మందు ఆయన పుచ్చుకున్నాడు, పెత్తనం భార్య పుచ్చుకుంది. బల్ల మీద బొప్పాయి, జామపళ్లు వెలిశాయి. కంచంలో అన్నం కన్నా ఆకుకూర ఎక్కువైంది. మిరపకాయ ఇంట్లోంచి బహిష్కరణకు గురైంది. పేపరు పట్టుకుని లోపలికెళ్లి ప్రపంచ వార్తలన్నీ చదివి గానీ బయటికి రాని అలవాటుకు ఆవిడ ఒక్కరోజులో స్వస్తి చెప్పించింది. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని నీళ్లు పోసిన నీలం టబ్బులో ఆయన కూర్చునేవాడు. ఊళ్లో ఉన్న ఆసనాలన్నిటిలోనూ ఆయనకు హాయిగా ఉన్నది అదొక్కటే.

“కొట్లో చెప్పెయ్యొచ్చుగా!” అంది భార్య, పెద్ద గ్లాసుతో నీళ్లు చేతికిస్తూ.

“ఏమని చెప్పను?”

“ఉన్నమాటే. అప్పుడెప్పుడో చెయ్యి విరిగితే వీధి వీధంతా చెప్పుకుని తిరిగారుగా.”

“చెయ్యి వేరు. చెయ్యి అందరికీ ఉంటుంది.”

“ఇది మాత్రం మీ ఒక్కరికే ఉందా?”

ఆయన నీళ్లు తాగేసి, వినబడనట్టు చెప్పులు వెతుక్కున్నాడు. ఆ రోజు బస్సుల మేడం వస్తోంది. బోలెడు బస్సులున్న మనిషి. ఆవిడ ఆర్డరిస్తే కొట్టు కష్టాలు గట్టెక్కుతాయి. ఆవిడ వచ్చి వెళ్లేదాకా నిలబడి మాటలతో నెట్టుకొస్తే చాలనుకున్నాడు.

కొట్టు యజమాని అప్పటికే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మధ్యలో కొత్త ఎర్ర సోఫా పెళ్లికూతురిలా ముస్తాబై ఉంది. వెనక గదిలో కుషన్ల మేస్త్రీ చివరి కుట్లు వేస్తున్నాడు.

“రావయ్యా సింహాసనం! ఏదీ, ఒకసారి కూర్చో. రిహార్సల్ చూస్తాను.”

“ఇప్పుడెందుకు సార్, ఆవిడ వచ్చాక...”

“పాట పాడేవాడు కూడా ముందు గొంతు సవరించుకుంటాడయ్యా. కూర్చో!”

ఆయన సోఫా చెయ్యి మీద బరువంతా వేసి, ఒక పక్కకి ఒరిగి, కోడిగుడ్ల బుట్ట మీద వాలుతున్న మనిషిలా కిందికి దిగాడు.

“అదేం కూర్చోడం? కిక్కిరిసిన బస్సులో అర సీటు దొరికినవాడిలా! దర్జాగా ఉండాలయ్యా!” అంటూ యజమాని రెండు భుజాలూ పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు.

ఆ కేకకి ఎదురు సోఫాల కొట్టాయన బయటికొచ్చి చూశాడు. సింహాసనం గాల్లోకి లేచి, యజమానికి అవతలి పక్క దిగాడు.

“ఏమైంది? ఏమైందయ్యా?”

“గు... గుచ్చుకుంది సార్.”

ఇది అబద్ధమని కూడా అనడానికి లేదు. ఎటువైపు నుంచి గుచ్చుకుందో చెప్పలేదు, అంతే.

వెనక గది గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “అన్నా, నా వంకర సూది నిన్నట్నుంచీ కనబడ్డంలేదు!” అన్నాడు.

“అదే అయ్యుంటుంది!” అన్నాడు యజమాని. “విప్పు సోఫా! ఆవిడ వచ్చి కూర్చుంటే మన గతేమిటి? నువ్వు ఇటు తిరగవయ్యా సింహాసనం, నెత్తురొచ్చిందేమో చూస్తాను.”

“వద్దు సార్!”

“సిగ్గెందుకు? నేను నీకు అన్నలాంటివాణ్ణి.”

“సొంత అన్నకైనా చూపించను సార్!”

పెళ్లికూతురు సోఫా పేగులు బయటపడ్డాయి. దూది, స్పాంజి, గోనెగుడ్డ అన్నీ వచ్చాయి గానీ సూది రాలేదు. ఇంతలో మేస్త్రీ భార్య ఫోను చేసింది. బియ్యం బస్తా మూతి కుట్టడానికి ఆ సూది ఆవిడే తీసుకుందట.

మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. “దొరికింది సార్! ఇంట్లోనే ఉంది!”

సింహాసనం కూడా హమ్మయ్య అనుకున్నాడు. యజమాని మాత్రం గడ్డం రుద్దుకున్నాడు.

“సూది మీ ఇంట్లో ఉంటే మావాడికి గుచ్చుకుందేమిటి? అంటే ఇంకో సూది ఉందన్నమాట. పోయింది కాదు, పెట్టింది!” కిటికీలోంచి ఎదురు కొట్టు వైపు చూశాడు. “సింహాసనం, ఆ పక్క సోఫాలో కూర్చో.”

ఆయన కూర్చున్నాడు. లేచాడు. ఈసారి కేక వెయ్యకూడదని పెదవి బిగబట్టాడు గానీ కళ్లల్లోంచి నీళ్లు తన్నుకొచ్చాయి.

“దీంట్లోనూనా!” అని యజమాని గుండె పట్టుకున్నాడు. “ఆ బూడిదరంగు దాంట్లో?”

“అందులో కూర్చోకుండానే చెప్పగలను సార్” అన్నాడు సింహాసనం నీరసంగా.

యజమాని మేస్త్రీ సొరుగులోంచి గుండుసూదులేరే అయస్కాంతం తెచ్చి సోఫాల మీద తిప్పాడు. ప్రతి సోఫాకీ అది పసిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు కరుచుకుంది.

“చూశావా? సూదుల కట్టలు! కట్టలు!”

“అవి స్ప్రింగులు సార్” అన్నాడు మేస్త్రీ.

“స్ప్రింగులని నువ్వే చెప్పాలి మరి! అన్నీ విప్పు!”

సోఫా తరవాత సోఫా నేలకొరిగింది. గది నిండా దూది తేలుతోంది. సింహాసనం ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా ఒక దూదిపింజ లోపలికెళ్లింది, నిజం అక్కడే ఆగిపోయింది. ఈలోగా యజమాని సింహాసనం భార్యకి ఫోను చేశాడు.

“అమ్మా, మీ ఆయనకి దెబ్బ తగిలింది. ఎక్కడని అడక్కండి, ఆయన చెప్పట్లేదు.”

ఎక్కడో ఆవిడకి అడక్కుండానే తెలిసిపోయింది.

ఆఖరి సోఫాలో కూడా ఏమీ దొరక్కపోయేసరికి యజమాని తిన్నగా మేస్త్రీ ముందుకొచ్చి నిలబడ్డాడు. “సూదులు పెట్టిందీ నువ్వే, విప్పేటప్పుడు గుట్టుచప్పుడు కాకుండా తీసేసిందీ నువ్వే. ఎదురు కొట్టువాడు పిలుస్తున్నాడని మొన్న నువ్వే అన్నావుగా. వెళ్లు, అక్కడే కుట్టుకో. సంచీ సర్దుకో!”

“పిల్లల మీద ఒట్టు సార్...” అంటూనే మేస్త్రీ కత్తెర, దారపు ఉండలు, కొలబద్ద సంచీలో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ చేతులు కుట్టిన సోఫాల మీదే సింహాసనం ఇన్నాళ్లూ నిట్టూర్పులమ్ముకుని బతికాడు.

అప్పుడే గుమ్మంలో ఆటో ఆగింది. ఒక చంకలో నీలం టబ్బు, మరో చేత్తో వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని ఆయన భార్య దిగింది. దూదినీ, సోఫాల కళేబరాలనీ, సంచీ సర్దుకుంటున్న మేస్త్రీనీ చూసింది. మొగుడి వైపు ఒక చూపు చూసింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ చూపు ముందు ఆయన ఏదీ దాచుకున్నది లేదు.

“మేస్త్రీ, ఆగు!” అన్నాడు. “సోఫాల్లో ఏమీ లేదు సార్. ఉన్నదంతా నాలోనే ఉంది.”

“అంటే?”

“ఫిషర్ సార్.”

“అదెవడు? ఎదురు కొట్టువాడి మనిషా?”

సింహాసనం పైనున్న ఫ్యాను వైపు చూస్తూ, అర్థమయ్యే తెలుగులో, ఎక్కడ ఏమైందో, కూర్చుంటే ఎలా ఉంటుందో, పొద్దున్నే లోపలికెళ్లాలంటే ఎంత భయమేస్తుందో గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. ఇక ఈ ఊళ్లో తలెత్తుకు తిరగడం ఎలాగా అని ఆయన ఆలోచిస్తుండగా మేస్త్రీ చేతిలోంచి సంచీ జారిపడింది.

“అన్నా! నీకూనా?” అని వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు. “పోయిన వేసవంతా నేను మోకాళ్ల మీద నిలబడే కుట్టాను. నవ్వుతావేమోనని నీకే చెప్పలేదు.”

“నేను నువ్వు నవ్వుతావేమోనని చెప్పలేదురా!”

“నొప్పికి భయపడి కొన్నాళ్లు వెళ్లడమే మానేశాను...”

“దాంతో ఇంకా గట్టిపడి...”

“ప్రాణం పోయిందనుకో!”

“నాకు రోజూ పోతోంది!”

ఇద్దరూ చేతులు పట్టుకుని, తప్పిపోయి దొరికిన అన్నదమ్ముల్లా మురిసిపోయారు. మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు.

“టబ్బు నీళ్లలో ఏమైనా కలుపుతున్నావా వదినా?”

“ఉత్త గోరువెచ్చని నీళ్లే చాలన్నాడు డాక్టరు. నువ్వెలా తగ్గించుకున్నావు?”

“పూసే మందు మానలేదు. నీళ్లు, ఆకుకూర. ముక్కడం లేదు, వచ్చినప్పుడు ఆపుకోడం లేదు. అన్నిటికన్నా ముందు మా ఆవిడకి చెప్పుకుని ఏడ్చాను. సగం అప్పుడే తగ్గింది.”

యజమాని ఒక్కడే పక్కన నిలబడి ఉన్నాడు. “నాకు గ్యాసుంది” అన్నాడు మెల్లగా. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సంబరంలో కారు ఆగిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఇంజను మోతల్లో మాట్లాడి అలవాటైన గొంతు మాత్రం అందరికీ వినబడింది.

“ఏంటిది, కొట్లో కోళ్లేమైనా కొట్టుకున్నాయా?”

బస్సుల మేడం! యజమాని మోకాలి లోతు దూదిలో నడుచుకుంటూ ఎదురెళ్లాడు. “రండి మేడం, కూర్చోం...” అని చుట్టూ చూసి ఆగిపోయాడు. కూర్చోమనడానికి కొట్లో ఒక్క సోఫా లేదు. ఆర్డరు కళ్లముందే కారెక్కి వెళ్లిపోతున్నట్టు కనిపించిందేమో, పాపం, “స్టాకు తనిఖీ మేడం” అన్నాడు ఏడుపు గొంతుతో.

“తనిఖీకి టబ్బెందుకు?”

సింహాసనం భార్య ఇక ఊరుకోలేదు. “మా ఆయనకి మేడం” అని జరిగిందంతా చెప్పేసింది. చెబుతున్నకొద్దీ మేడం భుజాలు కదలడం మొదలైంది. చివరికి గోడ పట్టుకుని నవ్వింది.

“తమ్ముడూ, నేనూ స్టీరింగు తిప్పినదాన్నే. మా డ్రైవర్లలో సగం మందిది ఇదే పాట. రోజంతా సీటుకి అతుక్కుపోతారు. బండి ఆపాల్సొస్తుందని నీళ్లు తాగరు. విశ్రాంతి గదికొస్తే అక్కడా కూర్చోలేక గోడకి జేరబడతారు. ఆ గదికే కుర్చీలు కావాలి. వెళ్లిన ప్రతి కొట్లోనూ మెత్తన, మెత్తన అని ఊదరగొట్టారు గానీ ఒక్కడూ నిజం చెప్పలేదు. నువ్వు నొప్పి లేకుండా దేని మీద కూర్చోగలవో చూపించు. అదే కొంటాను.”

యజమాని చేతులు జోడించి సింహాసనం వైపు చూశాడు. ఇంత భక్తిగా ఆయన ఎవరినీ చూసి ఎరగడు.

సింహాసనం కొట్లో విప్పకుండా మిగిలిన బల్లలు, కుర్చీలు అన్నీ ఒక్కొక్కటే చూశాడు. చెక్క బల్ల మీద వాలాడు, లేచాడు. ప్లాస్టిక్ కుర్చీ దగ్గర ఆయన ముఖం చూసే మేడం “తీసెయ్” అంది. చివరికి మెట్ల కింద, ఎవరూ కొనక యజమాని పారేద్దామనుకుంటున్న నవారు కుర్చీలు కనిపించాయి. వెడల్పాటి పట్టీ అల్లి, కాస్త వదులుగా వేలాడుతున్న పాతరకం కుర్చీలు. మేస్త్రీ ఒకటి దులిపి పెట్టాడు.

ఆయన మెల్లగా దిగాడు. ముందు ఎడమ పక్క వదిలాడు. తరవాత కుడి పక్క. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. భార్య టబ్బును గుండెకి హత్తుకుంది. నవారు ఆయన్ని రెండు అరచేతుల్లో పట్టుకున్నట్టు పట్టుకుంది.

“హా...” అన్నాడు సింహాసనం.

ఇన్నేళ్లలో ఆయన విడిచిన నిట్టూర్పులన్నీ నటనే. ఇది మాత్రం కాదు.

“ఇవే కావాలి” అంది మేడం. “గదికి సరిపడా దొరుకుతాయా?”

“ఎన్నంటే అన్ని మేడం! మా మేస్త్రీ ఉన్నాడుగా!” అన్నాడు యజమాని.

“ఇందాక సంచీ సర్దుకోమన్నారు?” అన్నాడు మేస్త్రీ.

“సర్దుకోమన్నానయ్యా, వెళ్లిపొమ్మన్నానా ఏమిటి? సంచీ నీటుగా ఉండొద్దూ?” అని, ఆ తరవాత గొంతు తగ్గించి, “తప్పయింది” అన్నాడు.

మేడం వెళ్తూ వెళ్తూ సింహాసనాన్నీ మేస్త్రీనీ తన డ్రైవర్ల ఫోను గ్రూపులో చేర్చింది. దాని పేరు ‘నిలబడే సంఘం’. ఎవరికి ఏ పండు పడింది, ఎవరు సిగ్గుపడి డాక్టరు దగ్గరికెళ్లకుండా తిరుగుతున్నారు అన్నవి అక్కడ దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. ఎవరైనా ‘ఇవాళ నొప్పి లేదు’ అని పెడితే ఊరేగింపు చేసినంత హడావుడి. నవ్వుతారేమోనని ఆయన భయపడిన మాట నిజమే. రోజూ నవ్వుకుంటున్నారు, ఆయనతో కలిసి.

ఆ కుర్చీల సంగతి ఊరంతా పాకింది. ఆఫీసులవాళ్లు, బడులవాళ్లు వచ్చి, నొప్పున్నాయన కూర్చుని చూసిన కుర్చీలే కావాలని అడగసాగారు. కూర్చున్నప్పుడు సింహాసనం ముఖంలో నొప్పి చూసి యజమాని మార్కులేస్తే గానీ కొట్లోకి కొత్త సరుకు దిగడం లేదు. ఇంట్లో టబ్బు, మందు, పళ్లు, బయట నలుగురి మాటలు కలిసి ఆయన్ని క్రమంగా మనిషిని చేస్తున్నాయి.

“ఎలా ఉందయ్యా ఇవాళ?” అని యజమాని రోజూ ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు. “బాగా తగ్గింది సార్” అని ఈయన చెప్పినప్పుడల్లా, పాపం, ఆ పెద్దమనిషి తన బాధను దాచుకోలేకపోతున్నాడు.