అభ్యంతరాల గడి

లెక్కల మాస్టారు రిటైరై ఏడాదైంది. భార్య కుట్టుమిషను పడగ్గదిలో ఉంటుంది, కుట్టాల్సిన చొక్కాలు మంచం మీద ఉంటాయి, మాస్టారు మిగిలిన చోట ఉంటారు. "ఈ నెలాఖరుకి మేడ మీద గదికి అనుమతి తెచ్చారా సరే. లేదంటే మిషను మా అక్కయ్య వాళ్లింట్లో పెట్టుకుంటాను. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తాను" అని ఆవిడ తేల్చి చెప్పేసింది. ఆవిడ లేని ఇంట్లో రోజంతా ఒక్కరే కూర్చోవాలంటే మాస్టారికి గుండె జారిపోయింది.

మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టే ముందు ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లకి నోటీసు చూపించి సంతకాలు తీసుకోవాలి. ఆ ఉదయమే మాస్టారు కాగితం పట్టుకుని బయల్దేరారు. కుడివైపు ఇంటి బస్సు కండక్టరు, "మీ మేడ, మీ గది. నాకేంటి మాస్టారూ!" అంటూ సంతకం గీకేశాడు. పక్కనే ఉన్న 'అభ్యంతరాలు' గడి ఖాళీగా వదిలేశాడు. తెలియకపోయినా ఏదో ఒకటి రాయమని ముప్పై నాలుగేళ్లు పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషికి ఆ ఖాళీ కంట్లో నలుసైంది.

"ఖాళీగా ఉంటే వెనక్కి కొడతారయ్యా. ఏదో ఒకటి రాయి."

"'లేదు' అని రాయనా?"

"అలా రాస్తే ఆలోచించలేదనుకుంటారు. ఆలోచించినట్టు కనపడాలి."

పెద్దాయన మాట తీసెయ్యలేక కండక్టరు తల గోక్కుని, "మా పెరట్లో ఎండ తగ్గవచ్చు" అని రాశాడు. మాస్టారు భుజం తట్టారు.

ఎడమవైపు ఇంటి నర్సు డ్యూటీకి వెళ్తూ ఆ లైను చదివింది. "అయ్యో, ఎండ పోతే గాలి కూడా పోతుందేమో!"

"అదే రాయమ్మా, చక్కగా ఉంది."

వెనకింటి వడ్రంగి రెండూ చదివి నిజంగానే హడలిపోయాడు. ఎండా గాలీ లేకపోతే తన చెక్కలెలా ఆరతాయి? గడి నింపి, వెనక పేజీ నింపి, ఇంకో కాగితం అడిగాడు. మాస్టారు ఎంతో సంతోషంగా జేబులోంచి తీసిచ్చారు.

ఇంట్లో భార్య అది చదివి నెత్తి కొట్టుకుంది. "ఏమండీ, ఇవి సంతకాలా, మన మీద ఫిర్యాదులా?"

మాస్టారు ఉన్నపళంగా కండక్టరింటికి పరుగెత్తారు. "కొట్టెయ్యి బాబూ, నీ పుణ్యం ఉంటుంది."

"రాసినప్పుడు ఊరికే రాశాను మాస్టారూ. తర్వాత పెరట్లో నిలబడి చూస్తే నిజమే అనిపించింది" అన్నాడతను. మిగతా ఇద్దరూ అదే పాట పాడారు.

మాస్టారు ఉసూరుమంటూ కాగితాన్ని అలాగే ఆఫీసులో ఇచ్చారు. గుమాస్తా ముఖం వెలిగింది. "అదృష్టవంతులండీ! అభ్యంతరాలు లేని ఫైలైతే ఆర్నెల్లు మూలుగుతుంది. ఉన్నవాటికి వారంలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. రాసినవాళ్ల ఇళ్లు కూడా కొలుస్తాడు."

ఇన్‌స్పెక్టరు టేపుతో దిగాడు. కండక్టరు ప్రహరీ గోడ మూడడుగులు వీధిలోకి వచ్చి ఉంది. నర్సు వసారాకీ, వడ్రంగి షెడ్డుకీ కాగితాలే లేవు. టేపు తమ గుమ్మాలవైపు తిరగ్గానే ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"ఎండతో చచ్చిపోతున్నాం సార్, కాస్త తగ్గితేనే నయం!" అన్నాడు కండక్టరు. గాలి తనకి పడదంది నర్సు. గదికి తలుపు తానే చేసిస్తానన్నాడు వడ్రంగి. అభ్యంతరాలన్నీ అక్కడికక్కడే రద్దయ్యాయి. నెలాఖరుకి ముందే అనుమతి చేతికొచ్చింది.

గది లేచింది, మిషను పైకెక్కింది, భార్య ఇంట్లోనే ఉండిపోయింది. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అయితే గది చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు తలా నాలుగు బట్టలు తెచ్చారు, వాళ్ల చుట్టాలు ఇంకో నాలుగు తెచ్చారు. పది రోజుల్లో మెట్ల మీద వరుస మొదలైంది. కాసేపు కబుర్లాడదామని మాస్టారు పైకి వెళ్తే, "మాట్లాడే తీరిక లేదండీ, పనుంటే చెప్పండి" అంది ఆవిడ తలెత్తకుండా.

మర్నాడు మాస్టారు మంచి చొక్కాకి రెండు గుండీలు తెంపుకుని వరుసలో నిలబడ్డారు.